గోల్కొండ మ్యాప్‌లో పట్టాలంటే టైల్‌కు ఎన్ని మీటర్లు?

ప్రశ్న: అన్నా, నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ అనే కంప్యూటర్ యుద్ధాల ఆటలో 1687 నాటి గోల్కొండ ముట్టడి మీద ఒక సినారియో, అంటే సొంత మ్యాపూ కథా, చేస్తున్నాను. మొదట టైల్‌కు, అంటే మ్యాప్‌లో ఒక గడికి, 2 మీటర్లు అనుకుని మొదలుపెట్టాను. 240 టైళ్ళ మ్యాప్‌లో బాలా హిస్సార్ గుట్ట పట్టేసరికి జాగా అయిపోయింది. అదంతా పక్కన పడేసి టైల్‌కు 25 మీటర్లు పెట్టాను. కోట మొత్తం పట్టింది గానీ సిపాయిలు ఎక్స్‌ప్రెస్ బస్సుల్లా ఉరుకుతున్నారు. వాకిలి ఒక్కొక్కటి వంద మీటర్లు వచ్చింది. లెక్క తప్పకూడదని 87 బురుజులూ కట్టాను, మొగలు సైన్యం గోడ దగ్గరకు రాకముందే తుడిచిపెట్టుకుపోతోంది. ఇంతకీ ఏ స్కేల్ కరెక్టు? ఒక యూనిట్, అంటే తెరమీది ఒక్క సిపాయి బొమ్మ, ఎంతమంది అనుకోవాలి? నిజమైన కొలతలతో చేస్తే ఆట బాగుండదని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?

సమాధానం: తమ్ముడూ, నీ రెండు మ్యాపులూ కరెక్టే. ఒక్కొక్కటి ఒక్కో విషయంలో. ముందు ఈ ముడి విప్పుకుంటే మిగతాదంతా కూడికలూ భాగాహారాలే.

ఈ ఆటలో పల్లెటూరి మనిషి, అంటే విలేజర్, సెకనుకు 0.8 టైల్ నడుస్తాడు. మామూలు మనిషి సెకనుకు సుమారు 1.4 మీటర్లు నడుస్తాడు. భాగిస్తే టైల్ 1.75 మీటర్లు. నువ్వు మొదట పెట్టుకున్న 2 మీటర్లు ఇక్కడి నుంచే వచ్చి ఉంటుంది, నడక ప్రకారం అది సరిగ్గానే ఉంది. ఇప్పుడు అదే స్కేల్‌తో విలుకాడిని చూడు. అతని రేంజ్ 4 టైళ్ళు, అప్‌గ్రేడ్లన్నీ చేస్తే 7. అంటే అతని బాణం 8 నుంచి 14 మీటర్లు పోతుంది. మా వీధిలో పిల్లలు గిల్లీదండా ఆడితే బిళ్ళ అంతకంటే దూరం పోతుంది. యుద్ధంలో విల్లు 150, 200 మీటర్ల దాకా పనిచేసే ఆయుధం. ఆ లెక్కన వెనక్కి వెళ్తే టైల్ 25 మీటర్ల దగ్గర తేలుతుంది. 12 టైళ్ళ రేంజ్ ఉన్న బాంబార్డ్ ఫిరంగి అప్పుడు 300 మీటర్లు కొడుతుంది. కోటగోడను పగలగొట్టాలంటే ఆ కాలపు ఫిరంగిని తెచ్చి నిలబెట్టాల్సిన దూరం కూడా దాదాపు అంతే.

ఇక కట్టడాలది ఇంకో కథ. ఇల్లు 2 టైళ్ళు, కోట 4 టైళ్ళు. ఇల్లు 8 మీటర్లనుకుంటే టైల్ 4 మీటర్లు. నాలుగు టైళ్ళ కోటను నిజం కోట అనుకోవాలంటే టైల్ కనీసం 20 మీటర్లు ఉండాలి. అంటే నడిచేవాడికి ఒక టైల్, కొట్టేవాడికి ఒక టైల్, కాపురం ఉండేవాడికి ఇంకో టైల్. ఆట తయారుచేసినవాళ్ళు ఒకే గళ్ళకాగితం మీద మూడు స్కేళ్ళు పరిచి, మనకు తెలియకుండా దాచిపెట్టారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆడుతూ ఎవరికీ అనుమానం రాలేదంటే బాగానే దాచారనాలి.

ఈ ఒక్క ఆటే ఇలా ఉంటుందనుకోకు. మైన్‌క్రాఫ్ట్‌లో గడి కచ్చితంగా ఒక మీటరు, ఆడే మనిషి ఎత్తు 1.8 మీటర్లు. అంత ఒద్దికగా కొలత పెట్టుకున్న ఆటలో కూడా మామూలు నడక సెకనుకు 4.3 మీటర్లు. నీలాంటి కుర్రాడు బస్సు అందుకోవడానికి పరుగెత్తే వేగం అది. నడకను నడకలా పెడితే ఆడేవాడికి ఆవలింతలు వస్తాయని అందరికీ తెలుసు.

కాబట్టి "ఏ స్కేల్ కరెక్టు" అన్న ప్రశ్నను కాస్త మార్చుకో. ఆడేవాడి చేతికి తగిలేది ఏది? మీటర్లు కాదు. తన విలుకాళ్ళ మీదికి శత్రు గుర్రాలు దూసుకొస్తుంటే ఎన్ని బాణాలు వేసే సందు దొరికింది, అది తగులుతుంది. ఆ సంఖ్య నిజానికి దగ్గరగా ఉంటే మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా మనసు ఒప్పుకుంటుంది. అది తప్పితే మాత్రం మిగతాదంతా కొలతబద్ద పెట్టి కట్టినా బొమ్మల కొలువే.

ఆ సంఖ్య మనమే వేసి చూద్దాం. నిజంలో 175 మీటర్ల దూరం నుంచి గుర్రం దౌడు మొదలుపెడితే, సెకనుకు 9 మీటర్ల చొప్పున 19, 20 సెకన్లలో మీద పడుతుంది. గురిచూసి వేసేవాడు ఒక్కో బాణానికి 8 సెకన్లు తీసుకుంటాడనుకో. రెండు బాణాలు, చెయ్యి తిరిగినవాడైతే మూడు. ఇప్పుడు ఆట. 7 టైళ్ళ దూరం, నైట్ అనే గుర్రపు రౌతు వేగం 1.35. ఐదు సెకన్ల పైచిలుకు. విలుకాడి రీలోడ్, అంటే బాణానికీ బాణానికీ మధ్య ఆగే కాలం, 2 సెకన్లు. రెండు బాణాలు, మూడోది వింట్లో ఉండగానే గుర్రం మీదికి వస్తుంది. చూశావా? 25 మీటర్ల టైల్ మీద ఆట కాలాన్ని నాలుగు రెట్లు తొందరపెడుతోంది. కానీ గుర్రాన్నీ బాణాన్నీ రెండింటినీ ఒకేలా తొందరపెడుతోంది గనుక నిష్పత్తి చెడలేదు. నీ రెండో మ్యాప్‌లో ఈ భాగాన్ని ముట్టుకోవద్దు.

మరి చెడిందెక్కడ? కాలినడక దగ్గర. కాల్బలం వేగం 0.9 టైల్. 25 మీటర్లతో గుణిస్తే సెకనుకు 22 మీటర్లు, గంటకు 80 కిలోమీటర్లు. నువ్వన్న ఎక్స్‌ప్రెస్ బస్సు ఇదే. గుర్రం నాలుగు రెట్లు తొందరపడితే సిపాయి పదహారు రెట్లు తొందరపడుతున్నాడు. నిజంలో దౌడు తీసే గుర్రం నడిచే మనిషి కంటే ఆరు రెట్లు ముందుంటుంది. ఆటలో ఒకటిన్నర రెట్లే. గుర్రాన్ని తగ్గించలేదు గానీ మనిషిని బాగా పెంచేశారు, ఎందుకంటే ఆడేవాడు ఎక్కువసేపు చూసేది కాల్బలాన్నే.

లెక్క ప్రకారం సిపాయిని కూడా నాలుగు రెట్లకే దించితే 0.22 టైల్ వస్తుంది. ఆ పని చెయ్యకు. నేను చేశాను, అందుకే చెబుతున్నాను. కొన్నేళ్ళ కిందట వరంగల్ కోట మీద ఒక మ్యాప్ కట్టాను. ఆ కోట కొలతకు భలే అనువుగా ఉంటుంది. బయటి మట్టికోట అడ్డుకొలత దాదాపు 2.4 కిలోమీటర్లు, లోపలి రాతికోట అందులో సగం, రెండూ ఇంచుమించు గుండ్రం. 240 టైళ్ళకు టైల్‌కు 10 మీటర్ల చొప్పున అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఆ సంబరంలో సిపాయిల నడక కూడా అసలు నడకే పెట్టాను. మా స్నేహితుడొకడు ఆడటానికి కూర్చుని, మట్టికోట నుంచి రాతికోట దాకా దండును పంపి, వెళ్ళి టీ పెట్టుకుని వచ్చాడు. దండు ఇంకా దారిలోనే ఉంది. "ఇది ఆటా, పాదయాత్రా?" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి మ్యాప్‌కూ టీ పరీక్ష పెట్టుకున్నాను. దండు బయల్దేరి, కొట్లాట మొదలయ్యే లోపు మనిషి లేచి వంటింట్లోకి వెళ్ళాడా, నా స్కేల్ తప్పినట్టే.

నీ కోటకు 0.5 పెట్టి చూడు. మొగలు శిబిరం గోడకు కిలోమీటరున్నర దూరంలో పెట్టావనుకుందాం, అంటే 60 టైళ్ళు. 0.9 వేగంతో 67 సెకన్లు, 0.5తో 120 సెకన్లు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, చాలామంది కాలు జారేది ఇక్కడే. ఈ వేగాలన్నీ ఆట గడియారం లెక్క. డెఫినిటివ్ ఎడిషన్‌లో నార్మల్ స్పీడ్ అంటే ఆ గడియారం 1.7 రెట్లు వేగంగా తిరుగుతుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కొలిస్తే ఆ 120 సెకన్లు 70 సెకన్లే కనిపిస్తాయి. లెక్క తప్పిందని కంగారుపడి మళ్ళీ వేగం మార్చకు. 70 సెకన్లంటే టీ పరీక్ష నెగ్గినట్టే. పైగా గుర్రానికీ మనిషికీ తేడా ఒకటిన్నర రెట్ల నుంచి రెండున్నర దాటుతుంది. గుర్రపు దండు పక్క నుంచి వచ్చి పడితే ఆడేవాడికి మొదటిసారి గుండె జల్లుమంటుంది.

వేగాలు మార్చడానికి డేటా ఫైళ్ళ జోలికి పోనక్కర్లేదు. సినారియో ట్రిగ్గర్లలో, అంటే ఇది జరిగితే అది చెయ్యి అని ఆటకు చెప్పే ఆదేశాల్లో, మాడిఫై ఆట్రిబ్యూట్ అని ఉంది, ఆట మొదలైన వెంటనే అది నడిచేట్టు పెట్టుకుంటే వేగం, రేంజ్, రీలోడ్ మూడూ అక్కడే మారిపోతాయి. ఎప్పుడైనా రేంజ్ పెంచితే చూపు కూడా అంత పెంచాలని మర్చిపోకు. చూపు చాలని ఫిరంగి, ఎదురుగా శత్రువు ఉన్నా గుడ్డిగా నిలబడుతుంది. నువ్వేమో ట్రిగ్గర్ పాడైందని రాత్రంతా వెతుక్కుంటావు.

ఇప్పుడు బురుజుల సంగతి. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, ఎందుకంటే సమాధానం కోట గోడలోనే ఉంది.

గోల్కొండ బయటి గోడ పొడవు పది కిలోమీటర్లని చాలాచోట్ల రాస్తారు. బురుజులు 87. భాగిస్తే బురుజుకూ బురుజుకూ మధ్య సగటున 115 మీటర్లు. ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగు. పక్కపక్కన ఉన్న రెండు బురుజుల్లో తుపాకీలవాళ్ళు ఉన్నారనుకో, వాళ్ళ మధ్య గోడకు నిచ్చెన వేసినవాడు ఏదో ఒక బురుజుకు అరవై మీటర్ల లోపే ఉంటాడు. అప్పటి తుపాకీ నమ్మకంగా తగిలేది ఎనభై, వంద మీటర్ల లోపే. అంటే గోడ మొదట్లో చాలాచోట్ల రెండు వైపుల నుంచీ దెబ్బ తగులుతుంది, మూడో బురుజు నుంచి తగలదు. ఆయుధం ఎంత దూరం పోతుందో గోడ చూస్తేనే తెలుస్తుంది. రేంజ్ ఎంత పెట్టాలో అని మనం ఇంటర్నెట్ అంతా వెతకనక్కర్లేదు, బురుజుల మధ్య దూరమే స్కేలు.

ఇక నీ మ్యాప్ చూద్దాం. టైల్ 25 మీటర్లయితే బురుజుల మధ్య దూరం నాలుగున్నర టైళ్ళు. నువ్వు బురుజు బదులు పెట్టిన టవర్‌కు ఆటలో రేంజ్ 8 టైళ్ళు, అంటే 200 మీటర్లు. గోడ దగ్గర ఎక్కడ నిలబడినా మూడు, నాలుగు టవర్లు కలిసి కొడుతున్నాయి. ఫ్లెచింగ్ లాంటి రేంజ్ పెంచే అప్‌గ్రేడ్లు చేశావంటే నాలుగైదు. మొగలు సైన్యం తుడిచిపెట్టుకుపోక ఏం చేస్తుంది పాపం. బురుజులు తగ్గించకు. టవర్ రేంజ్ 4కు దించు, రేంజ్ పెంచే అప్‌గ్రేడ్లు ఆపెయ్యి. అప్పుడు ఎక్కడ నిలబడినా రెండుకు మించి తగలవు. హ్యాండ్ కానన్ పట్టినవాడి రేంజ్ 7 కూడా 4కు దించు. విలుకాడు 7 దగ్గర, తుపాకీ 4 దగ్గర ఉండటం చూసి నీ ఫ్రెండ్స్ గొడవ చేస్తారు. చెయ్యనీ. గురి తప్పకుండా కొట్టే దూరంలో విల్లు తుపాకీ కంటే వెనకబడింది కాదు. తుపాకీ గెలిచింది దెబ్బ బలంతో, వాడటం నేర్చుకోవడానికి పట్టే కాలంతో. దాని దెబ్బ పెంచు, రేంజ్ కాదు.

గోడలు కడుతున్నప్పుడు ఒక చిన్న విషయం చూసుకో. పది కిలోమీటర్లను 25తో భాగించి 400 టైళ్ళ గోడ అని లెక్కపెట్టి ఉంటావు. గళ్ళకు అడ్డంగా, కర్ణం మీద పోయే గోడ ముక్క ఒక్కో టైల్‌కు 25 కాదు, 35 మీటర్లు నడుస్తుంది. గోల్కొండ గోడ గుండ్రంగానూ లేదు, చదరంగానూ లేదు, గుట్టల్ని పట్టుకుని వంకరలు తిరుగుతూ పోతుంది. కర్ణం మీద పోయే ముక్కలు చాలానే వస్తాయి, కాబట్టి 400 కంటే తక్కువకే చుట్టు పూర్తవుతుంది. మూసుకున్నాక ముక్కలు మిగిలితే నీ మ్యాప్ తప్పు అనుకోకు.

వంద మీటర్ల వాకిలికి మందు లేదు. ఈ ఆటలో గేటు నాలుగు టైళ్ళే, అంతకంటే చిన్నది కాదు. ఎనిమిది దర్వాజాలూ పెడితే చుట్టూ గోడలో 800 మీటర్లు తలుపులే అవుతాయి. కోట కాదు, కల్యాణమండపంలా ఉంటుంది. ఫతే దర్వాజా ఒకటి, కథలో పని ఉన్నవి ఇంకొకటో రెండో ఉంచు. మిగతావి గోడలో కలిపేసి, బయట ఒక జెండా పాతి పేరు రాసిపెట్టు. ఎవరూ నిన్ను అడగరు.

ఎత్తుకు మాత్రం మీటర్లు పట్టించుకోవచ్చు. బాలా హిస్సార్ గుట్ట దాదాపు 120 మీటర్లు. ఎడిటర్‌లో మామూలుగా దొరికే 7 మెట్లకు పంచితే ఒక్కోటి 17 మీటర్లు. బాగుంది. అయితే ఆట మెట్లు లెక్కపెట్టదు. పై నుంచి కొట్టేవాడికి దెబ్బ పావు వంతు ఎక్కువ, కింద నుంచి కొట్టేవాడికి పావు వంతు తక్కువ, అంతే. ఒక మెట్టు పైనున్నా ఏడు మెట్లు పైనున్నా ఒకటే. కాబట్టి మైదానంలో అందం కోసం చిన్న చిన్న మిట్టలు చల్లావంటే యుద్ధం మొత్తం ఆ మిట్టల చుట్టూ తిరుగుతుంది. గుట్ట దగ్గర తప్ప నేల చదునుగా ఉంచు. ఒక్క మినహాయింపు నయా ఖిలా. 1656లో ఔరంగజేబు మొదటిసారి వచ్చి ముట్టడించినప్పుడు, గోడ బయటున్న ఒక గుట్ట శత్రువుకు అనువుగా దొరికింది. దాంతో అబ్దుల్లా కుతుబ్ షా దాన్ని కూడా లోపలికి కలుపుకుంటూ గోడ సాగదీశాడు. ఈశాన్యం మూల ముందుకు పొడుచుకొచ్చిన ముక్క అదే. ఇప్పుడు అక్కడ గోల్ఫ్ ఆడుతున్నారు. నువ్వు చేసేది 1687 గనుక అది గోడ లోపలే ఉండాలి. 1656 కూడా చేద్దామనుకుంటే ఆ గుట్టను బయట వదిలెయ్యి, ఒక్క గుట్టతో ముట్టడి ఎలా మారిపోతుందో నీకే తెలుస్తుంది.

యూనిట్‌కు ఎంతమంది అన్నావు. దీనికి చాలామంది చరిత్ర పుస్తకంలో సైన్యం సంఖ్య చూసి, దాన్ని పాపులేషన్ లిమిట్‌తో, అంటే ఆటలో ఒకేసారి ఉంచుకోగల యూనిట్ల సంఖ్యతో, భాగిస్తారు. అది పాత లెక్కల మీద ఇల్లు కట్టడమే. ఆ కాలపు రాతల్లో సైన్యాల సంఖ్య రాసినవాడి భక్తిని బట్టి పెరుగుతుంది. అంతకంటే నేలనే అడుగు, నేల అబద్ధమాడదు.

ఈ ఆటలో ఒక సిపాయి ఆక్రమించే జాగా మధ్య నుంచి అంచుకు 0.2 టైల్. అంటే అడ్డంగా 0.4. మన టైల్ మీద అది 10 మీటర్లు. పది మీటర్ల చదరంలో, అంటే 100 చదరపు మీటర్లలో, వరస కట్టి నిలబడిన కాల్బలం ఎంతమంది పడతారు? మనిషికి భుజాల వెడల్పు, కత్తి తిప్పుకోవడానికి ముందూ వెనకా కాస్త జాగా, అన్నీ కలిపి రెండు చదరపు మీటర్లు. యాభై మంది. గుర్రానికి ఐదు చదరపు మీటర్లయినా కావాలి, కాబట్టి ఇరవై. ఏనుగులు నాలుగు పడితే గొప్ప. ఫిరంగి, దాన్ని లాగే ఎద్దులు, గుండ్లు మోసేవాళ్ళు, మందు సంచులు, ఇదంతా కలిపితే ఒకటే. చూడు, మ్యాప్ స్కేల్ పెట్టిన వెంటనే యూనిట్ స్కేల్ దానంతటదే తేలింది. రెండూ వేర్వేరు ప్రశ్నలు కావు. టైల్‌ను 12.5 మీటర్లకు మారిస్తే, అంటే 480 టైళ్ళ మ్యాప్‌కు వెళ్తే, జాగా నాలుగో వంతవుతుంది, యాభై కాస్తా పన్నెండవుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అన్ని రకాల యూనిట్లకూ ఒకే సంఖ్య పెట్టకు. నెట్‌లో కనిపించే సగం మోడ్లు, అంటే ఆడేవాళ్ళు తమకు నచ్చినట్టు మార్చుకున్న ఆటలు, పాడయ్యేది ఇందుకే. ఒక యూనిట్ యాభై అని బోర్డు పెట్టుకుని ఫిరంగిని కూడా యాభైతో గుణిస్తారు. తెరమీద నాలుగు ఫిరంగులు కనిపిస్తే లెక్కలో రెండు వందలు. ఏ పాదుషా దగ్గరా ఒక్క గోడ ముందు అన్ని పెద్ద ఫిరంగులు లేవు. ఫతే రహ్‌బర్ లాంటి ఒక్కో ఫిరంగికి పేరు పెట్టుకున్నారంటే అర్థం చేసుకో. పేరున్నదాన్ని యాభైతో గుణించకూడదు.

200 పాపులేషన్‌కు లెక్క వేస్తే వంద కాల్బలం యూనిట్లు ఐదు వేల మంది, అరవై గుర్రపు యూనిట్లు పన్నెండు వందల రౌతులు, పది ఏనుగుల యూనిట్లు నలభై ఏనుగులు, డజను ఫిరంగులు. మిగిలినవి సామాను మోసేవాళ్ళకు ఉంచు. మొగలు సైన్యం మొత్తం ఇంతేనా అని ఎవరైనా అడిగితే, కాదు, ఈ పూట గోడ మీదికి వచ్చినవాళ్ళు ఇంత అని చెప్పు. ముట్టడిలో ఏ రోజూ అందరూ ఒకేసారి గోడెక్కరు.

ప్రాణాల సంగతి కూడా. యాభై మంది యూనిట్‌కు 40, 45 హెచ్‌పీ, అంటే ప్రాణం పాయింట్లు, ఉంటే ఒక్కో పాయింట్ ఇంచుమించు ఒక మనిషి. కానీ నిజంలో యాభై మందిలో పదిహేను మంది పడిపోయాక మిగతావాళ్ళు నిలబడి కొట్లాడరు, కాలికి బుద్ధి చెబుతారు. ఆటలో ఆఖరి పాయింట్ దాకా కొట్లాడతారు. అందుకని యూనిట్ పడిపోయిందంటే అందరూ చచ్చారని కాదు, దండు చెదిరిందని అనుకో. అలా అనుకున్నావంటే, పడిపోయిన యూనిట్లలో కొన్నింటిని కాసేపటికి శిబిరం దగ్గర మళ్ళీ పుట్టించే ట్రిగ్గర్ పెట్టినా నీ మనసుకు మోసం అనిపించదు.

ఇప్పటిదాకా చెప్పింది కొట్లాట గడియారం. ముట్టడికి ఇంకో గడియారం కావాలి. గోల్కొండ ముట్టడి దాదాపు ఎనిమిది నెలలు సాగింది, 1687 మొదట్లో మొదలై సెప్టెంబరులో ముగిసింది. 240 రోజులనుకుందాం. ఆడేవాడికి గంటసేపు ఓపిక ఉంటుందనుకుంటే నిమిషానికి నాలుగు రోజులు. బాణాల గడియారం నాలుగు రెట్లు, ముట్టడి గడియారం దాదాపు 5,760 రెట్లు. ఈ రెండింటినీ ఒకదానికొకటి అతికించాలని చూడకు, అతకవు. బాణాలు ఒకదాంతో నడుస్తాయి, వాన, కరువు, రాయబారం రెండోదాంతో నడుస్తాయి. మే నెలకు చేరినప్పుడు మేఘాలు, తర్వాత మొగలు శిబిరంలో ధాన్యం తగ్గడం, ఇవన్నీ టైమర్ ట్రిగ్గర్లు. ఆ టైమర్లు కూడా ఆట గడియారం ప్రకారమే నడుస్తాయి. నార్మల్ స్పీడ్‌లో మన గంట వాటికి 102 నిమిషాలు. ముందే గుణించుకో.

ఫిరంగులకు గోడ ఎన్ని నిమిషాల్లో పడాలి అన్నది నువ్వు అడగలేదు గానీ నీ సినారియో మొత్తం దాని మీదే నిలబడి ఉంది. బాంబార్డ్ ఫిరంగి ఆరున్నర సెకన్లకొక గుండు వేస్తుంది. పన్నెండు ఫిరంగులు ఒకచోట పెడితే ఏ గోడైనా చూస్తుండగానే కూలుతుంది. చరిత్రలో మాత్రం గోల్కొండ ఫిరంగులకు లొంగలేదు. గోడ కింద సొరంగాలు తవ్వి మందు కూరి అంటిస్తే అది వెనక్కి పేలి మొగలు సైనికులే చాలామంది పోయారు. వానలు, ఆకలి, రోగాలు శిబిరాన్ని పీల్చేశాయి. చివరికి డబ్బుకు అమ్ముడుపోయిన లోపలి మనిషి ఒకడు రాత్రిపూట దొడ్డివాకిలి తెరిచాడు. అతన్ని సరందాజ్ ఖాన్ అంటారు. గోల్కొండ సర్దారు అబ్దుర్ రజాక్ లారీ ఒళ్ళంతా గాయాలతో ఒంటరిగా ఎదురునిలిచాడు. తానా షా పట్టుబడ్డాడు.

కాబట్టి ఫిరంగి రీలోడ్ కనీసం ఐదారు రెట్లు పెంచు, గోడ హెచ్‌పీ అంతకంటే పెంచు. ఫిరంగి బురుజుల్ని మూగబోయేట్టు చెయ్యాలి, గోడను పడగొట్టకూడదు. గెలుపు ట్రిగ్గర్ ఆ దొడ్డివాకిలి దగ్గర పెట్టు. మొగలు వైపు ఆడేవాడు బంగారం పోగుచేసి ఇంత ఇస్తే తెరుచుకుంటుంది. గోల్కొండ వైపు ఆడేవాడైతే ఆ బంగారం బళ్ళు శిబిరం చేరకుండా గుర్రాలతో అడ్డుకోవాలి. అప్పుడు పది కిలోమీటర్ల గోడ, రెండున్నర రెట్ల గుర్రం, 60 టైళ్ళ దూరం అన్నీ పనికొస్తాయి. నిజమైన కొలతలతో చేస్తే ఆట బాగుండదన్న నీ ఫ్రెండ్స్‌కు ఇదే నా జవాబు. నీ ఆట చెడింది కొలతల వల్ల కాదు, కోటను ఓడించే దారి తప్పు పెట్టడం వల్ల.

ఇంకొక్కటి. శాటిలైట్ బొమ్మ మీద గీతలు గీసుకుని మ్యాప్ కడుతున్నావనుకుంటాను. ఈ ఆటలో మ్యాప్ తెరమీద నిలువు డైమండులా నిలబడి ఉంటుంది, గళ్ళు అడ్డంగా కాకుండా ఏటవాలుగా పోతాయి. నీ బొమ్మను 45 డిగ్రీలు తిప్పి గళ్ళ మీద పరుచుకో. లేకపోతే కోట కట్టడం అయిపోయాక ఉత్తరం తెర పైకి కాకుండా పక్కకు చూస్తుంది, బంజారా దర్వాజా దాటితే రావాల్సిన కుతుబ్‌షాహీ సమాధులు ఇంకెటో వస్తాయి. వరంగల్ మ్యాప్‌లో నేను ఇది గమనించింది నాలుగు తోరణాలూ నిలబెట్టాక.